వంత, అడుగు, గంట: బెంగళూరులో మన పిల్లలతో ఆఫ్రికా పాటల క్వయర్

భజనలో వంత పాడిన పిల్లలకి ఆఫ్రికా పాట సగం వచ్చినట్టే. మిగతా సగానికి అడ్డుపడేది కూడా ఆ భజన అలవాటే. భజనలో ముందు పాడేవాళ్ళు చరణం పూర్తిచేస్తారు, తరవాత అందరూ అదే చరణాన్ని అందుకుంటారు. దక్షిణాఫ్రికా పాటలోనో ఘనా పాటలోనో వంతవాళ్ళ మాట వేరు, వరస వేరు. పైగా ముందుపాట ముగిసేదాకా వాళ్ళు ఆగరు, దాని తోక మీదే ఎక్కేస్తారు. కింద చెప్పిన పద్ధతంతా ఈ ఒక్క తేడాని పిల్లల ఒంటికి పట్టించడానికే.

వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు అపార్ట్‌మెంట్లలో పెరిగే తెలుగు పిల్లలతో క్వయర్, అంటే బృందగానం, నడపాలనుకునేవాళ్ళ కోసం ఇది రాశాం. వయసు 11 నుంచి 18, సంఖ్య 24. కొందరికి గీతాలో వర్ణాలో అయ్యుంటాయి, కొందరు కీబోర్డు నేర్చుకుంటుంటారు, కొందరికి ఏదీ రాదు. పర్వాలేదు, మూడు రకాలవాళ్ళూ కావాలి. పిల్లలు 16 కంటే తగ్గితే మాత్రం నాలుగు వరసలు (ఒకేసారి నాలుగు వేరువేరు స్వరాలు పాడే గుంపులు) నిలబడవు. అప్పుడు మూడు వరసలకి దిగండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

జూన్ మొదటి శనివారం. ఆఫ్రికా దినం మే 25న వస్తుంది గానీ అప్పటికి బెంగళూరు తెలుగు పిల్లల్లో సగం మంది సెలవులకి విజయవాడలోనో కర్నూల్లోనో ఉంటారు. దక్షిణాఫ్రికావాళ్ళ వారసత్వ దినం సెప్టెంబర్ 24. ఆ వారానికి ప్రదర్శన పెట్టుకుంటే మధ్యలో 15, 16 శనివారాలు దొరుకుతాయి, చాలా ఏళ్ళలో దసరా సెలవులకి ముందే పని అయిపోతుంది. అర్ధ సంవత్సర పరీక్షల కోసం రెండు వారాలు పక్కన పెట్టండి. సాధన గంటన్నర: ఒళ్ళు, గొంతు సిద్ధం చేసుకోడానికి 10 నిమిషాలు, లయకి 20, కొత్త భాగానికి 25, మంచినీళ్ళకి 10, పాతవాటికి 25.

గొంతులు పంచడం

మొదటి రోజే నువ్వు సొప్రానో, నువ్వు ఆల్టో అని పంచేయకండి (పైగొంతు నుంచి కిందిగొంతు దాకా సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్ అని నాలుగు). ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఐదు శ్రుతిలో (కీబోర్డు మీద జీ) షడ్జం ఇచ్చి, సరళి కిందికీ పైకీ పాడించండి. కింద ఎక్కడ గొంతు గాలైపోతోందో, పైన ఎక్కడ మెడ నరాలు బిగుస్తున్నాయో రాసుకోండి. ఆ రెండు హద్దుల మధ్య నుంచే వాళ్ళ వరస రావాలి. 24 మందికి 7 సొప్రానో, 7 ఆల్టో, 4 టెనార్, 6 బాస్ అయితే తూకం బాగుంటుంది.

12 నుంచి 15 ఏళ్ళ మగపిల్లలని ప్రత్యేకంగా చూడాలి. గొంతు మారే రోజుల్లో హాయిగా పలికేవి ఒక్కోసారి ఐదారు స్వరాలే. ఆ పిల్లాడిని 'నువ్వు ఊరికే పెదాలు కదుపు' అనడం చాలా పెద్ద తప్పు. ఆ మాట విన్న పిల్లాడు మళ్ళీ పాటకి రాడు. కింద ఇచ్చిన టెనార్ వరసలో రెండే స్వరాలున్నాయి, వాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. ఆరు వారాలకోసారి హద్దులు మళ్ళీ చూడండి, జూన్‌లో టెనార్ సెప్టెంబర్‌కి బాస్ అయిపోవచ్చు. ఆడపిల్లల విషయంలో జాగ్రత్త వేరు: 'ఆఫ్రికా పాట' అనగానే గొంతు బిగించి అరిచేస్తారు. గట్టిగా వినబడాల్సింది నోరు బాగా తెరవడం వల్ల, గొంతు రాయడం వల్ల కాదు. సాధన అయ్యాక మాట బొంగురుపోతే ఆ రోజు పద్ధతి తప్పిందనే అర్థం.

ఏ పాటలు

ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. వాటన్నిటినీ ఒకే ముద్ద చేయకుండా ఉండటం పాటల ఎంపికతోనే మొదలవుతుంది. జెంబే మాలి, గినీ ప్రాంతపు మాండే జనాల డోలు. దక్షిణాఫ్రికాలో జూలూ మగవాళ్ళు వాద్యం లేకుండా పాడే ఇసికాతమియాకీ దానికీ సంబంధం లేదు. ఆ పేరు మునివేళ్ళ మీద చప్పుడు కాకుండా నడవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. అలాంటి పాట వెనక జెంబే బాదితే, త్యాగరాజ కీర్తన వెనక డప్పు పెట్టినట్టే. డప్పు గొప్పదే, కీర్తన గొప్పదే, కానీ చోటు అది కాదు.

20 నిమిషాల ప్రదర్శనకి ఐదు పాటలు చాలు. మొదటి ఏడాదికి ఇలా పెట్టుకోవచ్చు. షోషోలోజా పనిపాట. దక్షిణాఫ్రికా గనుల్లో పనికి నేటి జింబాబ్వే నుంచి రైలెక్కి వచ్చిన వలస కూలీలది. ముందుపాట, వంత స్పష్టంగా విడివిడిగా ఉంటాయి కాబట్టి మొదట నేర్పడానికి దీన్ని మించింది లేదు. రెండోది సియాహంబా, జూలూ భక్తిపాట. మూడోది ఘనా పిల్లల రాళ్ళాట పాట ఏదైనా: గుండ్రంగా కూర్చుని లయకి తగ్గట్టు రాయిని పక్కవాళ్ళ ముందుకి జరుపుతూ పాడతారు, చిన్నవాళ్ళకి ఇష్టం. నాలుగోది ఈ కాలపు పాట. 2019లో వచ్చిన జెరూసలేమా అడుగులు పెద్దపిల్లలకి ఇప్పటికే వచ్చుంటాయి, దాన్ని గొంతుల మీదికి తేవడమే పని. ఐదోది న్కోసి సికెలెలి ఆఫ్రికా. ఇనోక్ సొంటోంగా 1897లో కట్టిన ప్రార్థన అది. 1997 నుంచి దక్షిణాఫ్రికా జాతీయగీతంలో మొదటి భాగం. దానికి అడుగులు వేయకూడదు, చప్పట్లు వద్దు. జనగణమనకి నిలబడినట్టే నిలబడి పాడాలి. చూసేవాళ్ళని కూడా లేవమని ముందే చెప్పండి.

బాబా యేతు చాలామంది పిల్లలు అడుగుతారు. 2005లో ఒక వీడియో గేమ్ కోసం క్రిస్టఫర్ టిన్ తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీ మాటలతో కట్టింది. 2011లో గ్రామీ పొందింది, వీడియో గేమ్ సంగీతానికి అదే మొదటి గ్రామీ. బాగుంటుంది, కానీ వరసలు చీలిపోతూ ఉంటాయి, ఎత్తు ఎక్కువ. రెండో ఏడాదికి దాచుకోండి.

ఈ పాటల్లో చాలావాటిది క్రైస్తవ భక్తి. సియాహంబా దేవుడి వెలుగులో నడుస్తున్నాం అనే పాట, బాబా యేతు పరలోక ప్రార్థన. ఈ సంగతి తల్లిదండ్రులకి మొదటి వారమే అర్థాల కాగితంతో సహా చెప్పేయండి. ఎవరైనా ఒక పాట వద్దంటే ఆ ఒక్కదానికి పిల్లలని పక్కన కూర్చోబెట్టవచ్చు. ఆగస్టులో తెలిసి గొడవ కావడం కంటే ఇది నయం.

హక్కుల మాట కూడా ఇక్కడే. జానపదం ఎవరి సొత్తూ కాదు, కానీ దాన్ని నాలుగు వరసలుగా కట్టిన ప్రతికి హక్కుదారు ఉంటారు. 24 మందికి 24 ప్రతులు కొనాలి, ఒకటి కొని జిరాక్స్ తీయకూడదు. టికెట్ లేని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక బృందం పాడటాన్ని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయిస్తుంది. టికెట్ పెడితే అనుమతి తీసుకోవాలి.

మాట పలికించడం

జూలూ మాటల్లో మనకి చుట్టరికం ఒకటుంది. సియాహంబా అనే ఒక్క మాటలో 'సి' అంటే మేము, 'యా' ఇప్పుడు జరుగుతోందని చెప్పే ముక్క, 'హంబా' నడక. మన 'నడుస్తున్నాం' కూడా ఒక్క మాటే. మేము అన్నది మనకి చివర వస్తుంది, వాళ్ళకి మొదట వస్తుంది. ఇది చెప్పగానే పిల్లలు మాటని గుడ్డిగా బట్టీ పట్టడం మానేస్తారు.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది చూసి పాడనివ్వకండి. జూలూ రాతలో టీ, హెచ్ కలిసి వస్తే ఇంగ్లీషు థింక్‌లో లాగా నాలుక పళ్ళ మధ్య పెట్టడం కాదు, ఊపిరితో పలికే త. పీ, హెచ్ కలిస్తే ఫ్యాన్‌లో ఫ కాదు, పెదాలు మూసి ఊపిరితో విడిచే ప. మన రాతలో ఈ ఒత్తులన్నీ ఉన్నాయి గానీ ఇప్పటి పిల్లలు ఫ అనగానే ఇంగ్లీషు ఫ అనేస్తారు కాబట్టి 'ప్‌హ' అని రాసివ్వండి. హెచ్, ఎల్ కలిసిన ధ్వని మనకి లేదు. నాలుకని ల పలికే చోటే ఉంచి, గొంతు మోగించకుండా గాలి మాత్రం పక్కలనుంచి ఊదమనండి, వచ్చేస్తుంది.

ఇక సి, క్యూ, ఎక్స్ అక్షరాలకి నాలుక చప్పుళ్ళు. మూడూ మన పిల్లలకి తెలిసినవే, మాటలో వాడరంతే. సి: పెద్దవాళ్ళు అయ్యో పాపం అంటూ పళ్ళ వెనక నాలుకతో చేసే 'చ్చ్ చ్చ్'. ఎక్స్: బండివాడు ఎద్దుని అదిలించేటప్పుడు దవడ పక్కనుంచి తీసే చప్పుడు. క్యూ: నాలుకని అంగిట్లో అంటించి టక్కున కిందికి లాగితే, సీసా బిరడా ఊడినట్టు వచ్చేది. ముందు విడిగా, తరవాత 'ఆ' చేర్చి, ఆఖరికి మాటలో. తొందరపడితే చప్పుడు ఒకటి, అచ్చు ఒకటి రెండుగా చీలిపోతాయి. రోజూ రెండు నిమిషాల చొప్పున మూడు వారాలు పడుతుంది.

ఇంకో తప్పు దాదాపు అందరూ చేస్తారు. న్కోసిని 'ఎన్‌కోసి' అనీ, ంబూబే అనే జూలూ మాటని 'ఎంబూబే' అనీ అంటారు. ముందు ఎ చేర్చకూడదు. పెదాలు మూసి 'మ్' అని ముక్కుతో మోగించి, ఆ మోతలోంచే బూ లోకి తెరవాలి. జూలూలో పదబంధం చివరినుంచి రెండో అక్షరం సాగుతుంది. స్వాహిలీలో కూడా ఊనిక అక్కడే. తెలుగు పిల్లలు మొదటి అక్షరం మీద బరువు వేస్తారు, అది సరిచేస్తే సగం యాస దానంతటదే పోతుంది.

నైజీరియా వైపు భాష యోరుబాలో పాట ఎంచుకుంటే ఇంకో లోతు ఉంది. అది స్వరం మీద నడిచే భాష: ఎత్తు, మధ్యమం, దిగువ అని మూడు స్థాయిలు. ఒకే అక్షరాల 'ఒకో' అనే మాట రెండూ మధ్యమంలో పలికితే భర్త, రెండోది ఎత్తితే పొలంలో తవ్వే పార, రెండోది దించితే బండి. అందుకే వరస బాగుందని పాటని మీ ఇష్టానికి పైకీ కిందికీ మార్చకూడదు, మాటే మారిపోతుంది. కింద చుక్క ఉన్న ఇంగ్లీషు ఈ (e), ఓ (o) అక్షరాలు బాగా తెరుచుకున్న ధ్వనులు. 'మేలు' అన్నప్పటి ఏ కాదు, 'మేక' అన్నప్పటి ఏ. 'తోడు'లో ఓ కాదు, 'తోక'లో ఓ. పిల్లల చేత ఈ నాలుగు మాటలూ అనిపిస్తే తేడా వాళ్ళ చెవికే దొరుకుతుంది.

మాటల కాగితం మూడు గడుల్లో ఉండాలి: అసలు రాత, మన లిపిలో ఉచ్చారణ, అర్థం. బెంగళూరులో పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామందికి కన్నడ లిపి వచ్చినంత ధారాళంగా తెలుగు లిపి రాదు. వాళ్ళకి కన్నడలోనే రాసివ్వండి, అక్షరాలు అక్కచెల్లెళ్ళే కదా. కొత్తనూరు, హెణ్ణూరు, కమ్మనహళ్ళి వైపు ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు చాలామంది ఉంటారు. ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్ళని ఒకరిని రెండుసార్లు పిలిచి ఉచ్చారణ దిద్దించండి. వచ్చినవారికి సంగీతం మాస్టారుకి ఇచ్చినట్టే డబ్బు ఇవ్వాలి, మర్యాద చేయాలి. ఒక జూలూ మాటని నైజీరియా అబ్బాయిని అడగడం మాత్రం, తెలుగు మాటని పంజాబీ అబ్బాయిని అడగడంలాంటిది.

నాలుగు వరసలు: స్వరాల్లో

దక్షిణాఫ్రికాలో చాలా క్వయర్‌లు ఇప్పటికీ గీతల మీద చుక్కల స్వరలిపి కాకుండా దొ, రె, మి అని రాసిన టానిక్ సోల్‌ఫా చూసి పాడతాయి. మనకి సరిగమలు ఉన్నాయి, అదే పని చేస్తాయి. శంకరాభరణం మేళం తీసుకోండి, ఐదు శ్రుతి పెట్టండి. ఒక్కో స్వరానికి నాలుగు లెక్కలు, మొత్తం 16 లెక్కల ఆవర్తం:

సొప్రానో: గ – మ – గ – రి
ఆల్టో: స – స – స – కింది ని
టెనార్: ప – ద – ప – ప
బాస్: స – కింది మ – కింది ప – కింది ప

టెనార్ ప, ద ఆల్టో షడ్జానికి కింద ఉంటాయి. బాస్ షడ్జం దానికి ఒక స్థాయి కింద. ఈ నాలుగూ కలిసినప్పుడు దక్షిణాఫ్రికా పాటల్లో పదేపదే వినబడే ఆ నడక వస్తుంది. మూడో చోట పై మూడు గొంతులూ మొదటి చోటికే తిరిగొస్తాయి గానీ బాస్ పంచమం మీద నిలబడతాడు. ఇల్లు కనిపిస్తూ ఇంకా చేరని ఆ భావమంతా బాస్ వల్లే. ఆ ఒక్క స్వరం బలహీనమైతే మొత్తం చప్పబడిపోతుంది.

నేర్పే వరస ముఖ్యం: ముందు బాస్, తరవాత టెనార్, ఆల్టో, ఆఖరికి సొప్రానో. పైవరస ముందు నేర్పితే పిల్లల చెవి దానికే అతుక్కుని, రెండో వారం ఆల్టోలంతా అదే పాడుతుంటారు. పాట నేర్పేటప్పుడూ ఇదే: అడుగు, బాస్, లయలో మాట, వంత వరసలు, అన్నిటికన్నా చివర ముందుపాట. మొదటి రెండు వారాలు కాగితం ఇవ్వకండి. ఒక్కో వరసనీ ఫోన్‌లో విడిగా పాడి, వెనక లయ కొట్టే మెట్రనోమ్ పెట్టి, వాట్సాప్ గ్రూపులో వేయండి.

కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలు మ, ని మీద చిన్న ఊపు వేస్తారు. వాళ్ళకి తెలియకుండానే వస్తుంది, అది వాళ్ళ గురువుగారు నేర్పిన మంచి విద్య. ఇక్కడ మాత్రం అది పక్కవరసతో రాసుకుని మొత్తం మసకబారుతుంది. గమకం తప్పు అనకండి. ఈ స్వరాన్ని గోడకి కొట్టిన మేకులా పెట్టు అనండి, ఒక చేతిని గాల్లో కదలకుండా చాపి ఉంచమనండి. చెయ్యి కదిలితే స్వరం కదిలినట్టే.

వంత ఎక్కే చోటు

ఎనిమిది లెక్కలు వేయండి. ముందుపాట పిల్ల 1 నుంచి 5 దాకా 'బండి వచ్చిందో' అని సాగదీస్తుంది. అందరూ 4 మీద 'ఎక్కుదాం పదండో' అని అందుకుని 8 దాకా వెళ్ళాలి. ఆ పిల్ల 8 మీద మళ్ళీ మొదలుపెట్టాలి. 4, 5 లెక్కల్లో రెండూ కలిసి వినబడతాయి, 8 మీద మళ్ళీ కలుస్తాయి. మొదట్లో అందరూ 6 దాకా ఆగుతారు, మర్యాద కొద్దీ. దీనికి మందు ముందుపాట పిల్లని వెనక్కి తిరిగి నిలబెట్టడమే. ఆమె ముఖం కనబడకపోతే 'అయిపోయిందా' అని చూడటం మాని, అందరూ అడుగుల లెక్క మీదికి వస్తారు. ఇది తెలుగు మాటలతోనే రెండు వారాలు ఆడించండి. అది కుదిరాకే షోషోలోజా మొదలుపెట్టాలి.

అడుగు, గంట

ఒకటో లెక్కకి కుడికాలు పక్కకి, రెండుకి ఎడమకాలు దాని పక్కకి తాకించడం, మూడుకి ఎడమ పక్కకి, నాలుగుకి కుడి తాకించడం. మోకాళ్ళు కొంచెం వంగి ఉండాలి, బరువు నేలలోకి దిగాలి. మడమలు ఎత్తి గెంతితే ఊపిరి నిలవదు, పాట తెగిపోతుంది.

పశ్చిమ ఆఫ్రికా పాటలకి గంట వాయించే వరసే పునాది. చాలా చోట్ల వినబడేది 12 గడుల వరస: 1, 3, 5, 6, 8, 10, 12 గడుల్లో దెబ్బ. మన పిల్లలకి 'తకిట' నాలుగుసార్లు చెప్పించండి:

త కి ట | త కి ట | త కి ట | త కి ట

మొదటి తకిటలో త, ట. రెండోదాంట్లో కి, ట. మూడోదాంట్లో కి ఒక్కటే. నాలుగోదాంట్లో త, ట. కాళ్ళు ప్రతి 'త' మీద పడాలి. కాలూ గంటా కలిసేది మొదటి త, నాలుగో త మీద మాత్రమే. మధ్యలో రెండు అడుగులు గంట లేని చోట పడతాయి. పిల్లలు జారిపోయేది సరిగ్గా అక్కడే, మూడో తకిటలో: కాలు త మీద పడగానే చెయ్యి కూడా లాక్కుపోయి త కొట్టేస్తుంది. అడుగుని నిమిషానికి 60 దగ్గర పెట్టి, ముందు నోటితో, తరవాత చప్పట్లతో, ఆ తరవాతే గంట చేతికివ్వండి. కుదిరాక 100 దాటించవచ్చు.

1960ల మొదట్లో ఘనా రాజధాని అక్రాలో గా జాతి యువకులు పుట్టించిన క్పాన్లొగో అనే ఆటపాటకి వరస వేరు. 16 గడులు, దెబ్బలు 1, 4, 7, 11, 13. 'తకధిమి' నాలుగుసార్లు చెప్తే త, మి, ధి, ధి, త అని పడతాయి.

గంట ఎవరికి ఇవ్వాలి? బాగా వాయించే పిల్లకి కాదు, కుదురుగా ఉండే పిల్లకి. గంట వేగం పెంచితే 24 మందీ వెంట పరిగెడతారు.

వాద్యాలు

24 గొంతులకి జెంబే ఒకటి చాలు, రెండు దాటితే మాటలు మునిగిపోతాయి. మొహం 12 అంగుళాలు, ఎత్తు 24 అంగుళాలకి అటూ ఇటూ ఉన్నది తీసుకోండి. వాయించేటప్పుడు ఉంగరం, గాజు, వాచీ తీసేయాలి, లేకపోతే చర్మం చిరుగుతుంది, వేలూ దెబ్బతింటుంది. మధ్యలో అరచేయి వేస్తే బాస్. అంచున వేళ్ళు దగ్గరగా ఉంచి కొడితే గుండ్రటి మధ్యస్వరం, అదే అంచున వేళ్ళు సడలించి కొరడాలా వదిలితే పదునైన దెబ్బ. నేల మీద నిటారుగా పెడితే బాస్ రాదు, ఆ ధ్వని బయటికొచ్చేది అడుగు కన్నం నుంచి. ముందుకి వంచి మోకాళ్ళ మధ్య పట్టుకోవాలి, లేదా స్టాండు వాడాలి.

మేకచర్మం జూన్–సెప్టెంబర్ ముసురులో సడలుతుంది. మృదంగం వాళ్ళకి తెలిసిన బాధే ఇది. పది నిమిషాలు లేత ఎండలో పెడితే చాలు. మూసిన కారులో మధ్యాహ్నం వదిలేస్తే పగిలిపోవచ్చు. చెన్నైలో అక్టోబర్–డిసెంబర్ వానల్లో చేసేవాళ్ళకి సింథటిక్ మొహం ఉన్నదే మేలు.

షెకెరే, అంటే పూసల వల చుట్టిన బుర్ర వాద్యం, కొనక్కర్లేదు, చేసుకోవచ్చు. అది కట్టేది సొరకాయ బుర్రతోనే, మన సొరకాయే. కాకపోతే కూరకి కోసే లేతది కాదు, తీగ మీదే పండి ఎండింది, ఊపితే గింజలు గలగలలాడాలి. 20 నుంచి 25 సెంటీమీటర్ల లావు, మెడ ఉన్నది చూసుకోండి. ఊళ్ళో సొరపాదు ఉన్నవాళ్ళకి రెండు కాయలు వదిలేయమని ముందే చెప్పాలి. మెడ పైన 4 సెంటీమీటర్ల కన్నం కోసి, ఒక రాత్రి నీళ్ళు పోసి నానబెట్టి, పొడుగు గరిటెతో లోపలంతా గీకి, నీడలో మూడు రోజులు ఆరబెట్టండి. బయట గరుకు కాగితంతో రుద్దండి.

మెడ చుట్టూ తాడుతో ఒక రింగు కట్టి, 2 మీటర్ల నైలాన్ దారాలు 20 తీసుకుని, ఒక్కోటి మధ్యకి మడిచి రింగుకి తగిలించండి. 40 పోగులు వేలాడతాయి. పక్కపక్క దారాల పోగులు రెండేసి కలిపి 8 మిల్లీమీటర్ల పూస ఎక్కించి ముడి వేయాలి. వరసకి 20 పూసలు, పది వరసలు, 200 పూసలు, విరిగేవాటికి మరో 30. అడుగున పోగులన్నీ కలిపి జడలా కట్టేయండి. వల బుర్రకి అతుక్కుని ఉంటే చప్పుడే రాదు, మరీ వదులైతే దెబ్బ ఆలస్యంగా వినబడుతుంది. పట్టుకుని తిప్పితే రెండు వేళ్ళ మేర జరగాలి. పూసలకి చెక్కవి వాడండి. గురివింద గింజలు అందంగా ఉంటాయి గానీ వాటిలో విషం ఉంటుంది, కన్నం వేసినవి మరీ ప్రమాదం. పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు.

శ్రుతి దిగజారడం

వాద్యం లేకుండా పాడే క్వయర్‌కి ఇదే పెద్ద జబ్బు. శ్రుతిపెట్టె ఎప్పుడూ వెనక మోగే అలవాటున్న పిల్లలకి మరీ కష్టం. పరీక్ష ఇలా పెట్టండి: పెట్టె వేసి పై నాలుగు వరసల ఆవర్తం రెండుసార్లు పాడించండి, పెట్టె ఆపి నాలుగుసార్లు పాడించండి, మళ్ళీ పెట్టె వేయండి. ఎంత దిగారో అందరికీ ఒక్కసారే వినబడుతుంది. కారణాలు సాధారణంగా మూడు. సొప్రానోలు మ నుంచి గ కి దిగేటప్పుడు మరీ కిందికి దిగుతారు. ఆల్టోలు మూడు చోట్లా అదే షడ్జం పట్టుకుని అలసిపోతారు. బాస్‌లు కింది మ కి దూకేటప్పుడు అవసరమైన దానికన్నా లోతుకి పడతారు. సొప్రానోలకి దిగుతున్నప్పుడు ఎక్కుతున్నట్టు ఊహించమని చెప్పండి. ఆల్టోల చేత ప్రతి లెక్కకీ అక్షరాన్ని కొత్తగా పలికించండి. బాస్‌ల చేత ఆ దూకుడుని ఒక్కదాన్నే పదిసార్లు. ఇవన్నీ చేసినా దిగితే, పిల్లలు అలిసిపోయారని అర్థం. నీళ్ళు తాగించండి.

వేగం పెరగడం ఇంకో జబ్బు. పాట మొదటి అర నిమిషం, చివరి అర నిమిషం ఫోన్‌లో రికార్డు చేసి పక్కపక్కన వినిపించండి.

బట్టలు, వేదిక

ముఖానికి రంగులు, గడ్డి లంగాలు, ఈకలు వద్దు. ఆ వేషం ఏ ఊరి క్వయర్‌దీ కాదు, సినిమాల్లోంచి వచ్చింది. కెంటే గుడ్డ ఘనాలోని అసాంటే, ఎవే నేతగాళ్ళది, జూలూ పాటకి కప్పుకోవడం అర్థం లేదు. ముదురు రంగు కుర్తాలు, అందరికీ వేరువేరు రంగులైనా సరే, కాళ్ళకి తోలు చెప్పులు చాలు.

ప్రతి పాట ముందూ ఒక పిల్ల రెండు వాక్యాలు తెలుగులో చెప్పాలి: ఏ భాష, ఏ దేశం, ఎవరు ఎప్పుడు పాడతారు. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు ఉంటే మర్ఫా గుర్తు చేయండి. నిజాం కొలువులోని యెమెన్ అరబ్బులూ సిద్దీలూ తెచ్చిన ఆ మోతకి పెళ్ళి బరాత్‌ల్లో ఆడినవాళ్ళే వాళ్ళంతా. ఏసీ గార్డ్స్ అనే పేటకి ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందంటే చాలామంది ఆశ్చర్యపోతారు.

అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో గచ్చు నున్నగా ఉండి మాటలు ప్రతిధ్వనిస్తాయి. వెనక గోడకి రెండు జంపఖానాలు వేలాడదీస్తే తగ్గుతుంది. వేదిక మీద మాత్రం కార్పెట్ తీయించండి, చెక్క మీద అడుగుల చప్పుడు పాటలో భాగమే. కండెన్సర్ మైకులు రెండు చాలు, ముందువరసకి ఒకటిన్నర మీటర్ దూరంలో, రెండున్నర మీటర్ల ఎత్తులో, వెనకవరస నోళ్ళ వైపు చూసేలా. రెండు మైకుల మధ్య దూరం, మైకుకీ పిల్లలకీ ఉన్న దూరానికి మూడింతలు ఉండాలి, లేకపోతే ఒకే గొంతు రెండింట్లో పడి బోలుగా వినబడుతుంది. జెంబేకి మైకు పెట్టకండి, దాన్ని వెనక పక్కకి జరపండి. రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, కాబట్టి ఏడింటికే మొదలుపెట్టండి.

ప్రవేశం నడుస్తూ. హాలు వెనక తలుపు నుంచి మొదటి పాట వంత మాత్రం మెల్లగా పాడుతూ రెండు వరసల్లో రావాలి, ముందుపాట పిల్ల అందరికన్నా చివర. శ్రుతిని తలుపు బయటే చెవి దగ్గర ఇచ్చేయండి. 24 మందీ వేదిక మీద తమ చోట్లలో అడుగు వేస్తుండగా ఆ పిల్ల మెట్టెక్కి, వంత ముగిసేదాకా ఆగకుండా, వంత తోక మీదే తన మొదటి మాట ఎత్తుకోవాలి.